నలుగురంటే ఎంతమంది?

2023 జనవరి 24న బెంగళూరు కె.ఆర్. మార్కెట్ ఫ్లైఓవర్ మీద సూటు వేసుకున్న ఒకతను ప్రత్యక్షమయ్యాడు. మెడలో గొలుసు ఉండాల్సిన చోట గోడ గడియారం వేలాడుతోంది. సంచిలోంచి పది రూపాయల నోట్లు గుప్పిళ్లతో తీసి కిందికి విసరడం మొదలుపెట్టాడు. కింద మార్కెట్ జనం ఎగబడ్డారు. పైన బండ్లు ఆపుకున్నవాళ్లలో కొందరు చేతులు చాపారు, మిగతావాళ్లు ఫోన్లు తీశారు. విసిరిందంతా కలిపి మూడు వేల రూపాయల దాకా ఉంటుందని తర్వాత వార్తల్లో వచ్చింది. అతనిది ఈవెంట్లు చేసే వ్యాపారం. కేసు పడింది. వీడియో మాత్రం రాష్ట్రాలు దాటిపోయింది. మూడు వేలకు మా ఊరి పెళ్లిలో మైకు సెట్టు కూడా రాదు. ప్రచారం లెక్కన చూస్తే అతనికి గిట్టుబాటే.

అతని గురించి నాకు పెద్ద బెంగ లేదు. 2025 ఏప్రిల్‌లో మాగడి రోడ్డు నడిమధ్య కుర్చీ వేసుకుని, వాహనాల మధ్య తాపీగా టీ తాగుతూ రీల్ తీయించుకున్న మనిషి గురించీ లేదు. పోలీసులు అతన్ని పట్టుకుని, టీ మీద ఒక చమత్కారం కట్టి తామూ పోస్టు పెట్టారు. పోలీసుల మీదైనా నలుగురి కళ్లూ పడాలిగా!

మన దగ్గర నవ్వించడం వేరు, నవ్వులపాలవడం వేరు. తోలుబొమ్మలాటలో బంగారక్కను, కేతిగాణ్ణి చూసి ఊరంతా పగలబడి నవ్వేది. ఆ బూతులు పడేది, ఆ తన్నులు తినేది తోలు. పగటివేషగాడు ఇల్లిల్లూ తిరిగి చప్పట్లు, చీవాట్లు, చేటెడు బియ్యం అన్నీ పుచ్చుకుని సాయంత్రానికి రంగు కడుక్కునేవాడు. గోడ గడియారం మనిషి కూడా ఆ కోవలోనివాడే. గడియారం తీసి పక్కన పెడితే వేషం అయిపోయినట్టే. నా బెంగ రంగు పూసుకోనివాళ్ల గురించి.

నేను చాలా ఏళ్లుగా బెంగళూరులో సిఫారసు యంత్రాల మీద పని చేస్తున్నాను. మీరు ఫోనులో వేలు పైకి తోయగానే తర్వాత ఏ వీడియో రావాలో తేల్చే లెక్క మా పని. పత్రికలకు రాయడం నాకు అలవాటు లేదు. లెక్క చూపించి మాట్లాడటమే అలవాటు. అందుకే తేదీలతో చెబుతాను.

2025 మే నెలలో బెంగళూరు మెట్రోలో ప్రయాణించే ఆడవాళ్లను వాళ్లకు తెలియకుండా వీడియోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్న ఖాతా ఒకటి బయటపడింది. దానికి ఐదు వేలకు పైగా ఫాలోవర్లు ఉన్నారు. బనశంకరి పోలీసులు కేసు పెట్టి ఒక ప్రైవేటు సంస్థ ఉద్యోగిని అరెస్టు చేశారు. రెండు నెలలు తిరక్కుండానే, జులైలో, చర్చ్ స్ట్రీట్ వంతు వచ్చింది. వీధి సందడి తీస్తున్నట్టు నటిస్తూ నడిచివెళ్లే అమ్మాయిల వెంటపడి వీడియోలు తీసిన 26 ఏళ్ల యువకుణ్ణి పోలీసులు పట్టుకున్నారు. ఆ వీడియోల్లో ఒకదానిలో తనను తాను చూసుకున్న యువతి ధైర్యం చేసి మాట్లాడింది. తన ఖాతా అందరికీ కనబడేదే అయినా, వీధిలో తనను వీడియో తీయడానికి ఒప్పుకున్నట్టు కాదని చెప్పింది. అపరిచితుల నుంచి అసభ్య సందేశాలు వచ్చిపడుతున్నాయని, ఫిర్యాదు చేసినా వీడియో కదల్లేదని వాపోయింది.

గడియారం మనిషి నుంచి చర్చ్ స్ట్రీట్ అమ్మాయి దాకా రెండున్నరేళ్లు. ఈ రెంటినీ పత్రికలు ‘రీల్స్ పిచ్చి’ అనే ఒకే శీర్షిక కింద వేస్తాయి. వేయకూడదు. మొదటిదానిలో తమాషా చేసేవాడు ఉన్నాడు. రెండోదానిలో తమాషా అయిపోయిన మనిషి ఉంది. మొదటివాడు అలిసిపోతాడు, పట్టుబడతాడు, జరిమానా కట్టి మానుకుంటాడు. రెండో రకానికి ముడిసరుకు వీధినిండా నడుస్తూనే ఉంటుంది.

ఈమధ్య ఒక సాయంత్రం పర్పుల్ లైన్‌లో వైట్‌ఫీల్డ్ వైపు వస్తున్నాను. ఎదుటి సీట్లో యాభై దాటిన మనిషి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఒళ్లో టిఫిన్ క్యారియర్. స్టేషన్ పేరు చెప్పినప్పుడల్లా ఉలిక్కిపడి, మళ్లీ తల వాలుస్తున్నాడు. నా పక్కన నిలబడ్డ కుర్రాడు ఫోను ఛాతీ దగ్గర పెట్టుకుని అదంతా తీస్తున్నాడు. స్నేహితుడితో తెలుగులో మాట్లాడుతుంటే విని, “బాబూ, ఆయన్ని అడిగావా?” అన్నాను.

“ఊరికే సరదాకి అంకుల్. స్టోరీలో పెట్టి తీసేస్తా, అంతే.”

“ఆయన నీకు తెలుసా?”

“తెలీదు. అందుకేగా!” అన్నాడు నవ్వుతూ.

చెడ్డ కుర్రాడు కాదు. మారతహళ్లి వెళ్లాల్సిన నాకు ఎక్కడ దిగి మారాలో ఓపిగ్గా చెప్పి మరీ దిగాడు. అయితే ‘తెలీదు, అందుకేగా’ అన్న మాటలో నా వృత్తి మొత్తం ఉంది. పదేళ్ల కిందట ఫేస్‌బుక్‌లోనో, వాట్సాప్‌లోనో ఒక వీడియో పెడితే అది ముందు తెలిసినవాళ్లకు చేరేది. తెలిసినవాణ్ణి ఎగతాళి చేస్తే మర్నాడు ముఖం చూపించాలి. ఆ మొహమాటమే కంచె. ఇప్పుడు తీసేవాడికి ఎదుటివాడు తెలియదు, చూసేవాడికి ఇద్దరూ తెలియదు.

కంచె ఎప్పుడు పోయిందో తేదీతో సహా చెప్పవచ్చు. టిక్‌టాక్ తెచ్చిన కొత్తదనం పాటలూ ఫిల్టర్లూ కాదు. ఫాలోవర్లు లేనివాడి వీడియోను కూడా కొంతమంది అపరిచితుల ముందు వేసి, వాళ్లు నిలబడి చూస్తే ఇంకొంతమంది ముందు వేసే పద్ధతి. 2020 జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లతో పాటు దాన్ని నిషేధించింది. యాప్ పోయింది, పద్ధతి పోలేదు. జులైలోనే ఇన్‌స్టాగ్రామ్ ఇక్కడ రీల్స్ మొదలుపెట్టింది. బెంగళూరులోనే ఉన్న షేర్‌చాట్ సంస్థ రోజుల వ్యవధిలో మోజ్ యాప్ తెచ్చింది. డైలీహంట్ వాళ్ల జోష్, చింగారి కూడా ఈ ఊరివే. అంటే తమాషా జరిగే వీధులూ, ఆ తమాషాను అమ్మే యంత్రాలు తయారయ్యే ఆఫీసులూ ఒకే ఊళ్లో ఉన్నాయి. మా ఆఫీసు కిటికీలోంచి కనిపించే రోడ్డు మీదే సగం రీళ్లు తీస్తారని మేము జోకు వేసుకునేవాళ్లం.

ఆ యంత్రం మార్కులెలా వేస్తుందో రహస్యం కాదు. ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మోస్సెరీ 2025 జనవరిలో స్వయంగా చెప్పారు: ఎంతసేపు చూశారు, చూసినవాళ్లలో ఎంతమంది లైక్ కొట్టారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు అన్న మూడూ ముఖ్యం, వీడియో కొత్తవాళ్ల దాకా వెళ్లాలంటే పంపడానికి బరువు ఎక్కువ. ఒక్కసారి మీ ఫోను తీసి, ఈ వారంలో మీరు స్నేహితులకు పంపిన వీడియోలు చూసుకోండి. మంచి వంట, మంచి పాట ఒకటో రెండో ఉంటాయి. మిగతావన్నీ ‘వీడెవడ్రా బాబూ’ రకమే అయ్యుంటాయి. నావీ అంతే.

మేము వాడే పట్టికల్లో నిలువు గడులు చాలా ఉంటాయి. చూసిన సెకన్లు, మళ్లీ చూసినవి, కామెంట్లు, పంపకాలు. ‘ఛీ’ అని రాసినా కామెంటే, ‘శభాష్’ అన్నా కామెంటే. నేను కొన్నాళ్లు చేసిన ఒక సంస్థలో (పేరు అనవసరం) ఒక ముసలామె మెట్ల మీద జారిపడే వీడియో ఆ వారం పైవరుసలో నిలిచింది. కొత్తగా చేరిన అమ్మాయి సమావేశంలో అడిగింది: “దీన్ని జనం ఇష్టపడి చూస్తున్నారా, నవ్వుకోడానికి చూస్తున్నారా?” ఎవరూ మాట్లాడలేదు. ఆ ప్రశ్నకు పట్టికలో గడి లేదు. తర్వాతి అంశానికి వెళ్లాం. నేనూ వెళ్లాను.

‘ఇదేం కొత్త? జనం ఎప్పుడూ ఇంతే’ అని మీరు అనవచ్చు. సగం నిజం. 1968లో స్టాన్లీ మిల్‌గ్రామ్ బృందం న్యూయార్క్ 42వ వీధిలో ఒక ప్రయోగం చేసింది. ఒక మనిషిని నిలబెట్టి ఎదుటి భవనం ఆరో అంతస్తు కిటికీ వైపు చూడమన్నారు. అక్కడ చూడాల్సిందేమీ లేదు. దారిన పోయేవాళ్లలో నూటికి నలుగురు ఆగి నిలబడ్డారు. చూసేవాళ్లను పదిహేనుమందిని చేస్తే, ఆగేవాళ్లు నూటికి నలభై అయ్యారు. ఆగకపోయినా తలెత్తి చూసినవాళ్లతో కలిపితే 86. జనం వింతను మాత్రమే చూడరు, జనం చూస్తున్నదాన్ని చూస్తారు. వీడియో కింద కనబడే వ్యూస్ అంకె ఆ పదిహేనుమందితో సమానం. తేడా ఏమిటంటే న్యూయార్క్‌లో ఆ కాలిబాట ఇరుకు, అంతకుమించి జనం పట్టరు.

మన దగ్గర ఇంకా చేదు సాక్ష్యాలున్నాయి. 2016 ఫిబ్రవరి 16న బెంగళూరు శివారు నెలమంగల దగ్గర ఒక యువకుడి బైకును లారీ ఢీకొట్టింది. అతని శరీరం రెండుగా తెగింది. స్పృహలోనే ఉన్నాడు, సాయం అడుగుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లలో కొందరు ఫోన్లలో తీస్తున్నారు. తన కళ్లు దానం చేయమని చెప్పి ఆయన పోయాడు. రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి 48 గంటలు ఉచిత వైద్యం అందించే పథకానికి కర్ణాటక ప్రభుత్వం ఆయన పేరే పెట్టింది. ఏడాది తిరిగేసరికి కొప్పళలో బస్సు కింద పడ్డ పద్దెనిమిదేళ్ల సైకిల్ కుర్రాడు నెత్తురోడుతుంటే మళ్లీ అవే ఫోన్లు. రీల్స్ అప్పటికి పుట్టలేదు. కనుక యంత్రమే మనిషిని పాడుచేసిందని నేను అనను. అప్పట్లో ఆ ఫోన్ల వెనక బహుమానం లేదు, ఇప్పుడు ఉంది. ఉన్న జబ్బుకు జీతం ఇవ్వడం మొదలుపెట్టాం.

‘జనానికి కావలసిందే కదా యంత్రం ఇస్తోంది’ అనేది మా పరిశ్రమ చెప్పే సమాధానం. చాలాకాలం నేనూ చెప్పాను. స్మితా మిల్లీ, తోటి పరిశోధకులు 2025లో ప్రచురించిన అధ్యయనం చదివాక చెప్పడం మానేశాను. ట్విట్టర్ యంత్రం ఏరి చూపించినవాటినీ, వరసగా కాలక్రమంలో వచ్చే పోస్టులనూ వాడకందార్ల ముందు పెట్టి వాళ్లనే అడిగారు. యంత్రం ఏరిన వరసలో కోపం, అవతలి వర్గం మీద ద్వేషం ఎక్కువగా తేలాయి. ముఖ్యమైన విషయం అది కాదు. యంత్రం ఏరిన ఆ రాజకీయ పోస్టులు తమకు నచ్చినవేమీ కావని ఆ మనుషులే చెప్పారు. ఆ అధ్యయనం అమెరికాలో, రాతల మీద జరిగింది. మన వీడియోలకు అచ్చంగా అంటించలేం. కానీ చూపు ఆగడం వేరు, మనసు కోరడం వేరు అన్నంతవరకు నాకు సందేహం లేదు. రోడ్డు మీద ప్రమాదం జరిగితే అందరి తలా తిరుగుతుంది. తల తిప్పారు గనక రోజూ ఈ రోడ్డు మీద ప్రమాదాలు ఏర్పాటు చేద్దామని ఏ ఇంజనీరూ అనడు. మేము అన్నాం.

ఈ యంత్రం వల్ల బాగుపడ్డవాళ్లు లేరా? ఉన్నారు. 2024 జనవరిలో హైదరాబాద్ మాదాపూర్‌లో భోజనాల బండి నడిపే ఒకావిడకు వచ్చిన పేరు తెలుగువాళ్లందరికీ గుర్తే. జనం తాకిడికి ట్రాఫిక్ పోలీసులు బండి తీయించబోతే ముఖ్యమంత్రే కలగజేసుకున్నారు. అదే ఏడాది మార్చిలో తెనాలిలో ఇంటి పట్టా వచ్చిన సంతోషంలో ఒక గృహిణి కెమెరా ముందు మాట్లాడింది. ఆ మాటలు ట్రోలింగ్ పాలయ్యాయి. రోజుల వ్యవధిలో రైలు ఢీకొని ఆమె చనిపోయింది. ట్రోలింగే కారణమన్నారు కుటుంబసభ్యులు. ఎన్నికల వేడి కాబట్టి పార్టీలు తలా ఒకటి అన్నాయి. పోలీసులు కేసు పెట్టి అరెస్టులు చేశారు. చావుకు కారణం తేల్చడం నా పని కాదు. నాకు కనిపించేది ఇదే: రెండు నెలల తేడాలో ఇద్దరు ఆడవాళ్లు తమ మానాన తాము మాట్లాడారు. ఒకరికి చప్పట్లు, ఒకరికి రాళ్లు. ఏది ఎవరికి పడాలో వాళ్ల చేతిలో లేదు. లాటరీ టికెట్టు కొనకుండానే లాటరీ తగలడమంటే ఇదే.

చట్టం సంగతి. మెట్రో కేసులో వెంటపడటం, అసభ్య ప్రచురణ వంటి సెక్షన్లు వాడారు. వాడాల్సిందే. కానీ నా ఎదురుగా నిద్రపోయిన టిఫిన్ క్యారియర్ మనిషికి ఏ సెక్షన్? ఆయన వెంట ఎవరూ పడలేదు, ఆ వీడియోలో అసభ్యత లేదు. ఐటీ నిబంధనలు 2021లో వచ్చినప్పుడు 24 గంటల్లో తీసేయమన్నది నగ్నత్వం, శరీర రహస్య భాగాలు, మార్ఫింగ్ వంటి వాటిని. నోరు తెరిచి నిద్రపోవడం ఆ జాబితాలో లేదు. విడ్డూరం ఏమిటంటే, ఈ దేశంలో గోప్యతను ప్రాథమిక హక్కు చేసిన తీర్పు బెంగళూరు పెద్దమనిషి పేరుమీదే ఉంది. కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి ఆధార్ మీద వేసిన కేసులో 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ మాట చెప్పారు. బహిరంగ స్థలంలో ఉన్నంతమాత్రాన మనిషి గోప్యత పోదని, అది స్థలానికి కాక మనిషికి అంటుకుని ఉంటుందని ఆ తీర్పులో ఉంది. పుట్టస్వామి గారు 2024 అక్టోబరులో, 98 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన ఊరి మెట్రోలో ఆ వాక్యానికి ఇంకా టికెట్టు దొరకలేదు.

చేయగలిగేది ఉందా? ఉంది, అదీ ఒకసారి చేసి చూసిందే. 2018 మే 23న బెంగళూరు చామరాజపేటలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాడన్న అనుమానంతో రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక యువకుణ్ణి జనం కొట్టి చంపారు. ఆ రోజుల్లో వాట్సాప్‌లో దేశమంతా తిరిగిన అపహరణ వీడియో, నిజానికి కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రకటనలో ముక్క. జులై 13న బీదర్ జిల్లాలో హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒకరు అదే అనుమానానికి బలయ్యారు. పిల్లలకు చాక్లెట్లు ఇవ్వడం ఆయన చేసిన పని. ఆ వారంలోనే వాట్సాప్, భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. తర్వాత ప్రపంచమంతటా పెట్టింది. ఈ కట్టడితో ఫార్వర్డులు నాలుగోవంతు తగ్గాయని, 2020లో బాగా తిరిగిన సందేశాలను ఒకసారికి ఒక్క చాట్‌కే పరిమితం చేశాక అలాంటివి 70 శాతం పడిపోయాయని ఆ సంస్థే ప్రకటించింది. మనుషుల బుద్ధి మారలేదు. ఇంకొకసారి వేలు నొక్కాల్సి వచ్చింది, అంతే.

ఆ వాట్సాప్‌నూ, రీల్స్‌నూ నడిపేది ఒకే కంపెనీ. అక్కడ వీలైంది ఇక్కడ ఎందుకు వీలుకాదని అడగాల్సిన సమయం ఇది. నా కోరిక పెద్దదేం కాదు. వీడియోలో ఉన్న మనిషి ‘ఇది నేనే, నేను ఒప్పుకోలేదు’ అని ఫిర్యాదు చేస్తే, విచారణ తర్వాత సంగతి; ముందు ఆ వీడియోను అపరిచితులకు పంచడం ఆపాలి. తీసేయమనడం లేదు. తీసినవాడి ఫాలోవర్లు చూసుకుంటే చూసుకోనీ. సాంకేతికంగా ఇది ఒక మధ్యాహ్నం పని. నాలాంటివాళ్లు చేసే పని కాబట్టి చెబుతున్నాను.

అది జరిగేదాకా మీ చేతిలో ఉన్నది చెబుతాను. ఒప్పుకోని మనిషిని చూపించే వీడియో వస్తే ఆఖరుదాకా చూడకండి. తిట్టడానికైనా సరే కామెంట్ రాయకండి. ‘ఎంత ఘోరమో చూడు’ అని మీ చెల్లెలికి కూడా పంపకండి. యంత్రానికి ఘోరం తెలియదు, పంపడమే తెలుసు. కుడిపక్కన మూడు చుక్కలుంటాయి. వాటిని నొక్కితే ‘ఆసక్తి లేదు’ అని ఒకటి, ‘ఫిర్యాదు’ అని ఒకటి వస్తాయి. రెండూ నొక్కండి. మా పట్టికల్లో ఆ రెండింటికీ గడులున్నాయి.